పాట వింటే వెలిగే దీపం

కిందటి సంచికలో వంటింటి మాటలు చదువుకున్నాం. ఈసారి వంటింట్లోంచి పనిబల్ల దగ్గరికి వద్దాం. పాటకూ దరువుకూ తగ్గట్టు తనంతట తానే వెలిగే దీపాల వరస ఎలా చెయ్యాలో చెబుతాను. ఇంట్లో పన్నెండేళ్లు దాటిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. గట్టిగా చదవడం వాళ్ల వంతు, తీగలు పట్టుకోవడం మీ వంతు. కష్టమైన మాట వస్తే ఎప్పటిలాగే అక్కడే ఆగి అర్థం చెబుతాను.

ముందు రెండు క్రియలు నేర్చుకుందాం. దీపం వెలుగుతుంది. మనం దీపాన్ని వెలిగిస్తాం. తనంతట తాను జరిగితే "వెలుగు", మనం చేస్తే "వెలిగించు". అలాగే దీపం ఆరుతుంది, మనం ఆర్పుతాం. అయితే దేవుడి ముందు పెట్టిన దీపాన్ని మన అవ్వలు ఎప్పుడూ "ఆరిపోయింది" అనరు. "కొండెక్కింది" అంటారు. ఆరిపోవడం అనే మాట ఇంట్లో వినపడకూడదని అలా అంటారు. ఎల్‌ఇడి దీపానికి అంత మర్యాద అక్కర్లేదు. కానీ మా తరగతి పిల్లలు ఈ మాట పట్టుకున్నారు. లోడ్ షెడ్డింగ్ వచ్చినప్పుడల్లా "టీచర్, చాట్స్‌వర్త్ అంతా కొండెక్కింది!" అని అరిచేవాళ్లు. నేను దిద్దలేదు.

ఇక ఈ దీపం ఎందుకు చేశామో చెబుతాను.

మా శనివారం తరగతిలో పదకొండేళ్ల అమ్మాయి ఒకతె ఉంది. పుట్టినప్పటి నుంచీ వినికిడి తక్కువ. రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకుంటుంది. ఎదురుగా కూర్చుని ఒక్కరే మాట్లాడితే పెదవులు చూసి అందుకుంటుంది. "ళ" పలికేటప్పుడు నాలుక వెనక్కి మడుస్తామని నా నోట్లోకి తొంగి చూసి నేర్చుకుంది. చదవడంలో, రాయడంలో ఎవరికీ తీసిపోదు. చిక్కంతా కోలాటంలోనే.

కోలాటం మీకు తెలుసు. వలయంగా తిరుగుతూ, చేతిలోని కోలను జోడీ కోలకు తగిలించాలి. పదహారు మంది పిల్లలు, ముప్పై రెండు కోలలు, సిమెంటు నేల, రేకుల కప్పు. చెవి యంత్రం మృదంగాన్ని ఒక్కదాన్నే పెద్దది చెయ్యదు. కోలల చప్పుడూ, పిల్లల కేకలూ, హాలు మోతా అన్నిటినీ కలిపి పెద్దవి చేస్తుంది. ఆ గోలలో ఆమెకు దరువు దొరకదు. అందుకని పక్కపిల్ల చేతులు చూసి ఆడేది. చూసి ఆడితే ఎప్పుడూ అర దెబ్బ ఆలస్యమే. కోలాటంలో అర దెబ్బ ఆలస్యమైతే కోల గాలికి తగులుతుంది, లేదంటే జోడీ వేళ్లకు తగులుతుంది. వేళ్లకు తగిలింది కూడా.

ఉగాది కార్యక్రమానికి ఏడు వారాలుందనగా ఒకరిద్దరు పెద్దలు సలహా ఇచ్చారు. ఆమెను మధ్యలో హారతి పళ్లెం పట్టుకుని నిలబెడదాం, అందంగా ఉంటుంది అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ అమ్మాయి నాతో ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లి అవ్వతో, పళ్లెం పట్టుకోవాలంటే ఇక తెలుగు తరగతికే రానని చెప్పింది. అవ్వ నాకు ఫోన్ చేసింది. "ఏం చేస్తావమ్మా?" అని అడిగింది.

వినపడని దరువును కనపడేలా చేద్దాం అన్నాను.

"దరువు" మంచి మాట. వాద్యం మీద పడే దెబ్బల నడకను దరువు అంటారు. "తాళం" అని కూడా అనొచ్చు. కానీ "తాళం" అంటే తలుపుకు వేసేదీ తాళమే, భజనలో మోగించే కంచు జతా తాళమే, వేళ్ల మీద లెక్కపెట్టేదీ తాళమే. ఏది ఎప్పుడో పక్కన ఉన్న మాటే చెబుతుంది. తాళం తీశాడు, తాళం కొట్టాడు, తాళం తప్పాడు. ఈ మూడు వాక్యాలూ పిల్లలతో చెప్పించండి.

"సంగీతానికి వెలిగే దీపాలు దుకాణంలో రెడీగా దొరుకుతాయి కదా?" అని మీరు అడగొచ్చు. దొరుకుతాయి, చవక కూడా. కానీ వాటిలో చాలావాటికి ఒక్కటే తెలుసు: చప్పుడు పెద్దదా, చిన్నదా. కోల తగిలినా మెరుస్తాయి, ఎవరైనా దగ్గినా మెరుస్తాయి. పుట్టినరోజు పార్టీకి అవి చాలు. మా అమ్మాయికి కావలసింది వేరు. మృదంగం ఎడమ వైపు పడే లోతైన దెబ్బ ఒక్కదానికే దీపం వెలగాలి. అంటే ఏ చప్పుడు ఏదో విడదీసే బుద్ధి ఆ దీపానికి ఉండాలి. అందుకు చిన్న కంప్యూటర్ కావాలి.

మేము వాడింది రాస్‌ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యు. ఒకే పలక మీద మొత్తం కంప్యూటర్ ఉంటుంది. పొడవు 65 మిల్లీమీటర్లు, వెడల్పు 30. చూయింగ్ గమ్ పాకెట్ కంటే పెద్దది కాదు. ఈ రకం పలకల్లో మొదటిది 2012 ఫిబ్రవరిలో ఇంగ్లండులో వచ్చింది. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనే దాన్ని తయారుచేశారు. జీరో 2 డబ్ల్యు 2021లో వచ్చింది. "పై" అంటే తెలుగులో "మీద" అని కదా. అందుకని మా తరగతిలో "పై పైన చెయ్యి పెట్టకు, వేడి!" లాంటి వాక్యాలు పుట్టాయి. ఇంతకంటే చవకైన ఇఎస్‌పి32 చిప్పుతో కూడా ఈ పని చెయ్యొచ్చు. కానీ పిల్లలు తామే మార్చి చూసుకోగల పైథాన్ భాషలో ఉండాలని నేను పట్టుబట్టాను. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

దీపాల వరస పేరు డబ్ల్యుఎస్2812బి. రిబ్బన్‌లా ఉంటుంది. మీటరుకు 60 దీపాలున్న రకం రెండు మీటర్లు తీసుకున్నాం. అంటే 120 దీపాలు. ఒక్కొక్క దీపంలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చిన్న దీపాలు, ఒక బుల్లి చిప్పు ఉంటాయి. కంప్యూటర్ ఒకే తీగ మీద అన్ని దీపాలకూ కబురు పంపుతుంది. మొదటి దీపం తన వంతు 24 బిట్లు తీసుకుని మిగిలినవి పక్కదానికి అందిస్తుంది. అది తన వంతు తీసుకుని మళ్లీ పక్కదానికి ఇస్తుంది. పంక్తిలో కూర్చుని భోజనం చేసేటప్పుడు ఎవరి లడ్డు వాళ్లు తీసుకుని పళ్లెం పక్కకు జరిపినట్టు. ఒక్కో దీపానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. 120 దీపాలకు 3.6 మిల్లీసెకన్లు. రిబ్బన్ మీద బాణం గుర్తు ఉంటుంది. కబురు ఆ బాణం వైపే నడుస్తుంది, వెనక్కి రాదు. ఇంకో సంగతి: ఈ రిబ్బన్లు ఎక్కువగా ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనే వరసలో రంగులు అడుగుతాయి. మీరు ఎరుపు అడిగితే ఆకుపచ్చ వచ్చిందా? కంగారు పడకండి. ప్రోగ్రామ్‌లో వరస మార్చండి.

ఇప్పుడు కరెంటు లెక్క. ఇది పిల్లలతో చేయించండి, మంచి లెక్క. ఒక్క దీపం పూర్తి తెలుపులో వెలిగితే 60 మిల్లీఆంపియర్లు దాకా తింటుంది. 120 దీపాలకు 7.2 ఆంపియర్లు. 5 వోల్టుల దగ్గర అది 36 వాట్లు. అంత వెలుగు మనకెందుకు? కళ్లు చెదురుతాయి. ప్రోగ్రామ్‌లోనే పావు వంతుకు మించకుండా కట్టడి చేశాం. అప్పుడు 1.8 ఆంపియర్లు. చిన్న కంప్యూటర్‌కు అర ఆంపియర్ వేసుకుంటే మొత్తం 2.3. కాబట్టి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇవ్వగల పవర్‌బ్యాంక్ చాలు. 20,000 అని రాసి ఉన్న పవర్‌బ్యాంక్‌లో సుమారు 74 వాట్-గంటలు ఉంటాయి. మార్పిడిలో కొంత పోయినా 60 మిగులుతాయి. దీపాలు ఎప్పుడూ నిండుగా వెలగవు కాబట్టి సగటున 6 వాట్లు అనుకుంటే పది గంటలు వస్తుంది. ఏ కార్యక్రమానికైనా అది చాలు, చివర సెక్రెటరీ గారి వందన సమర్పణతో సహా.

గోడ కరెంటు 230 వోల్టులు. దాని జోలికి పిల్లలను పంపకండి. ఈ పని అంతా 5 వోల్టుల వైపే జరగాలి. అందుకే నాకు పవర్‌బ్యాంక్ నచ్చింది. దుకాణంలో 12 వోల్టుల రిబ్బన్లు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. కొనేముందు రిబ్బన్ మీద రాసింది చదవండి.

తీగలు కలిపేటప్పుడు మూడు జాగ్రత్తలు. రిబ్బన్ నేల తీగ, కంప్యూటర్ నేల తీగ రెండూ ఒకచోట కలవాలి. లేకపోతే కబురు అర్థం కాక దీపాలు పిచ్చిగా ఆడతాయి. రెండోది, పై పంపే సంకేతం 3.3 వోల్టులు. 5 వోల్టుల రిబ్బన్ దాన్ని ఖాయంగా అందుకోవాలంటే 3.5 అయినా కావాలి. కొన్నిసార్లు ఊరికే పని చేస్తుంది, కానీ సరిగ్గా కార్యక్రమం రోజున మొరాయిస్తుంది. మధ్యలో 74ఎహెచ్‌సిటి125 అనే చిన్న చిప్పు పెడితే 3.3ను 5 చేసి ఇస్తుంది. మూడోది, రిబ్బన్ మొదట్లో కరెంటు తీగల మధ్య 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, కబురు తీగలో 300 నుంచి 500 ఓముల రెసిస్టర్ పెట్టండి. రెండూ చవకే, వాటి దగ్గర పిసినారితనం వద్దు.

రిబ్బన్‌ను నేల మీద పరిస్తే పిల్లలు తొక్కుతారు. అందుకని తెల్ల ప్లాస్టిక్ డ్రెయిన్ పైపు, 110 మిల్లీమీటర్లది, నిలబెట్టి దాని చుట్టూ చుట్టాం. ఆరు చుట్లకు కొంచెం తక్కువ వచ్చింది. పైపు లోపల పవర్‌బ్యాంక్, పలక. గాలి ఆడేలా కింద పెద్ద రంధ్రాలు. అది వలయం మధ్యలో నిలబడుతుంది. మృదంగం తాతగారు దాని పక్కనే కూర్చుంటారు. కాబట్టి నేల మీద పొడవు తీగ ఒక్కటి కూడా లేదు. ఎటు తిరిగినా దీపం కనపడుతుంది.

ఇక చెవి. రాస్‌ప్‌బెర్రీ పైకి మైకు పెట్టుకునే చోటు లేదు. అందుకని చిన్న యుఎస్‌బి సౌండ్ కార్డు, దానికి కాలరుకు పెట్టుకునే రకం మైకు. ఆ మైకును మృదంగం ఎడమ ముఖానికి జానెడు దూరంలో కట్టాం. దగ్గరగా పెట్టడమే సగం పని. ఏ ప్రోగ్రామూ చెయ్యలేని వడపోత ఆ జానెడు చేస్తుంది. బ్లూటూత్ మైకు మాత్రం వద్దు. అది చప్పుడును చాలా ఆలస్యంగా మోసుకొస్తుంది. మనం పోరాడుతున్నదే ఆలస్యంతో కదా.

మైకు పట్టిన చప్పుడును సౌండ్ కార్డు సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలు ఇస్తుంది. ఆ అంకెల కుప్పలో లోతైన చప్పుడు ఎంత, సన్నని చప్పుడు ఎంత అని ఎలా తెలుస్తుంది? వంటింట్లో రవ్వ, పిండి, బియ్యం కలిసిపోతే ఏం చేస్తాం? జల్లెడ పడతాం. చప్పుడుకు కూడా జల్లెడ ఉంది. జోసెఫ్ ఫూరియే అనే ఫ్రెంచి ఆయన 1822లో వేడి గురించి రాసిన పుస్తకంలో, ఎంత చిక్కటి అలనైనా సాదా అలలుగా విడదీసి చూడొచ్చని చూపించాడు. చేత్తో చేస్తే ప్రాణం పోయేంత లెక్క. 1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు ఆ లెక్కను కంప్యూటర్ మీద చాలా వేగంగా చేసే పద్ధతిని ప్రచురించారు. దాన్నే ఎఫ్ఎఫ్‌టి అంటారు. పైథాన్‌లో "నంపై" అనే లైబ్రరీ ఉంది. ఆ జల్లెడ అందులో ఒక్క వరస.

ఇక్కడ "పౌనఃపున్యం" అనే మాట నేర్చుకోండి. "పునః పునః" అంటే మళ్లీ మళ్లీ. ఒక్క సెకనులో అల ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వస్తుందో అదే పౌనఃపున్యం. నోరు తిరగకపోతే "హెర్ట్జ్" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

1024 అంకెలను ఒక్కసారి జల్లెడ పడితే ఒక్కో మెట్టు 43 హెర్ట్జ్‌ల వెడల్పు వస్తుంది. 43, 86, 129 ఇలా. ఎడమ చేతి దెబ్బకు 86, 129 అనే రెండు మెట్లు చూడమన్నాం. కోలల టకటక 2000 పైన ఉంటుంది, దాన్ని వదిలెయ్యమన్నాం. ఇంకా సన్నటి మెట్లు కావాలంటే ఎక్కువ అంకెలు పోగెయ్యాలి. పోగేసేసరికి సమయం గడిచిపోతుంది. 1024 అంకెలు పోగవడానికి 23 మిల్లీసెకన్లు, 4096కి 93. సన్నటి జల్లెడకు నిదానం ఎక్కువ. పాటకు రంగులు మార్చే దీపమైతే 4096 బాగుంటుంది. కోల తగిలించాల్సిన అమ్మాయికి పనికిరాదు. 1024తోనే ఉండి, ప్రతి 256 కొత్త అంకెలకూ పాతవి 256 పారేసి మళ్లీ జల్లెడ పట్టాం. అంటే దాదాపు 6 మిల్లీసెకన్లకు ఒకసారి చూస్తుంది. దీపాలకు కబురు పంపే 3.6 అందులో ఇమిడిపోతుంది.

మృదంగం గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మామూలు డప్పు చర్మం మీద కొడితే వచ్చే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం కుడి ముఖం మధ్యలో ఉండే నల్లటి ముద్ద వల్ల అవి పొసుగుతాయి. అందుకే దానికి శ్రుతి ఉంటుంది. ఈ సంగతిని సి. వి. రామన్ గారు శివకాళి కుమార్ గారితో కలిసి 1920లో "నేచర్" పత్రికలో రాశారు. రామన్ గారి తండ్రి విశాఖపట్నంలో కాలేజీలో పాఠాలు చెప్పేవారు. రామన్ గారు చిన్నప్పుడు అక్కడే చదువుకున్నారు. నేటాల్‌కు ఓడలెక్కిన మన పెద్దల్లో చాలామంది ఆ తీరం జిల్లాల వాళ్లే. ఎడమ ముఖానికి నల్ల ముద్ద ఉండదు. వాయించే ముందు తడి రవ్వ ముద్ద పెడతారు, అప్పుడు లోతైన "ధోం" వస్తుంది. ఆ రవ్వ ఎండితే గొంతు మారుతుంది, దీపం తడబడుతుంది. కాబట్టి దీపం సరిగ్గా వెలగకపోతే ప్రోగ్రామ్ చూడకముందు రవ్వ చూడండి.

దెబ్బ పడిందని ఎలా తెలుసుకోవాలి? గడిచిన ఒక సెకను సగటు బలాన్ని గుర్తుపెట్టుకుని, ఇప్పటి బలం దానికి ఒకటిన్నర రెట్లు దాటితే దెబ్బ అన్నట్టు. సగటుతో పోల్చడం వల్ల తాతగారు మెల్లగా వాయించినా, హుషారుగా వాయించినా దీపం అందుకుంటుంది. దెబ్బ పడగానే వెలుగు ఒక్కసారిగా లేవాలి, దిగేటప్పుడు మెల్లగా దిగాలి. చాలామంది అందం కోసం రెండు వైపులా నున్నగా చేస్తారు. లేచే వైపు నున్నగా చేస్తే దెబ్బ ఎక్కడ పడిందో కనపడదు.

ఆలస్యం ఎంతో కొలిచాం. ఫోన్‌లో సెకనుకు 240 బొమ్మలు తీసే స్లో మోషన్ ఉంటుంది. తాతగారి చెయ్యి చర్మానికి తగిలిన బొమ్మ నుంచి దీపం లేచిన బొమ్మ దాకా లెక్కపెట్టాం. పదకొండు బొమ్మలు. ఒక్కోటి 4 మిల్లీసెకన్ల పైచిలుకు, మొత్తం 46. గాలిలో చప్పుడు పది మీటర్లు నడవడానికి 29 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. హాలు చివర నిలబడ్డ వాళ్లకు మృదంగం ఎలా వినపడుతుందో, దీపం ఇంచుమించు అలాగే ఉంది. పక్కపిల్లను చూసి ఆడినప్పటి అర దెబ్బతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

రంగుల సంగతి ఆ అమ్మాయే తేల్చింది. మిగిలిన పిల్లలు ఇంద్రధనుస్సు పెట్టారు, నిప్పులు పెట్టారు, పాము పరుగు పెట్టారు. ఆమె పది నిమిషాలు ఆడి, వచ్చి పలక మీద రాసింది: "అన్నీ తీసెయ్యండి. ఒక్క పసుపు చాలు." ఏ రంగు ఎందుకు వస్తోందో ఆలోచిస్తూ ఉంటే కాలు తప్పుతోందట. పిల్లల ముఖాలు వాడిపోయాయి. నేను మాత్రం ఆమె వైపే నిలబడ్డాను. అలంకారం కావలసిన వాళ్లు కార్యక్రమం అయ్యాక మీట నొక్కి ఇంద్రధనుస్సు చూసుకోవచ్చు.

ఒక జాగ్రత్త ఇక్కడ గట్టిగా చెప్పాలి. సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువగా వెలుగు మెరిస్తే, మూర్ఛ జబ్బు ఉన్న కొందరికి ప్రమాదం. హాలులో ఎవరికి ఉందో మనకు తెలియదు. అందుకని ఒక మెరుపు తర్వాత 350 మిల్లీసెకన్ల దాకా ఇంకో మెరుపు రాకుండా ప్రోగ్రామ్‌లో కట్టేశాం. దీపం పూర్తిగా చీకటి కూడా అవ్వదు, మసక పసుపు ఎప్పుడూ ఉంటుంది. చివర్లో తాతగారు వేగం పెంచినప్పుడు దీపం రెండు దెబ్బలకు ఒకసారి వెలుగుతుంది. మధ్య దెబ్బ సంగతేమిటి అని అడిగితే ఆ అమ్మాయి నన్ను జాలిగా చూసింది. మధ్యది తానే లెక్కపెట్టుకుంటానంది. సంగీతం పక్కన పెడితే, లెక్కల్లో కూడా ఆమె మొదటి వరసే.

చివరి పని: ఎవరి సాయం లేకుండా నడవడం. ల్యాప్‌టాప్ వద్దు, ఫోన్ వద్దు, వైఫై వద్దు. పవర్‌బ్యాంక్ మీట నొక్కితే అర నిమిషంలో దానంతట అదే లేచి వినడం మొదలుపెట్టాలి. అందుకు ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డి అనే పనివాడికి అప్పజెప్పాలి. యంత్రం లేవగానే ప్రోగ్రామ్‌ను లేపుతాడు, అది పడిపోతే మళ్లీ లేపుతాడు. ఇంకో చిక్కు ఉంది. నడుస్తుండగా కరెంటు లాగేస్తే మెమరీ కార్డులో రాత చెడిపోవచ్చు. 2023లో లోడ్ షెడ్డింగ్ చూసిన మనకు ఇది చెప్పాలా? ఇక్కడ పవర్‌బ్యాంక్ ఉంది నిజమే, కానీ కార్యక్రమం అయ్యాక ఏ పిల్లవాడో తీగ లాగేస్తాడు. సెట్టింగుల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఉంటుంది. అది పెడితే కార్డు మీద కొత్తగా ఏదీ రాయదు, చదువుతుంది అంతే. ప్రోగ్రామ్ పూర్తిగా కుదిరాకే పెట్టండి. పెట్టాక మార్చినవేవీ నిలవవు.

ఉగాది రోజున పదహారు మందీ ఆడారు. పళ్లెం బల్ల మీద ఉంది. మూడో చుట్టులో ఒక కోల జారి పడింది. అది ఆ అమ్మాయిది కాదు.

మృదంగం తాతగారికి మాత్రం ఒక ఫిర్యాదు మిగిలింది. కోలాటంలో జోడీ ముఖం చూడాలి, ఈ పిల్లలందరూ పైపు వైపు చూస్తున్నారు అని. నిజమే, వీడియోలో చూస్తే పదిహేను తలలు పైపు వైపే తిరిగి ఉన్నాయి. ఆ అమ్మాయి తల ఒక్కటే జోడీ వైపు ఉంది. ఎలా అని అడిగితే, మెరుపు కంటి కొసకే తెలుస్తుంది కదా, తిన్నగా చూడటం ఎందుకంది. అలా పక్కగా చూడటాన్ని తెలుగులో "ఓరచూపు" అంటారని చెప్పాను. "ఓరకంట చూశాను" అని వాక్యం రాసుకుంది. వచ్చే వారం నుంచి పైపు ఎత్తు తగ్గించి, మిగిలిన పిల్లలకు దీపం లేకుండా కూడా ఒక చుట్టు ఆడిస్తున్నాం.

ప్రోగ్రామ్ కావలసిన వాళ్లు శనివారం తరగతికి 8 జీబీ మెమరీ కార్డు తెచ్చుకోండి, రాసి ఇస్తాం. ప్రోగ్రామ్‌లోని వ్యాఖ్యలన్నీ పిల్లలు తెలుగులోనే రాశారు. రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. ఎక్కడో కనిపెట్టి నాకు రాయండి.